రంగు కొత్తది... రేకు పాతది!

పల్లె బస్సుకు మెరుపు అద్దే ముందు జరగాల్సిన పనే అసలు పని

గుడుపల్లె: మూడు రాష్ట్రాల సరిహద్దులు దగ్గరయ్యే కుప్పం ప్రాంతంలో గుడుపల్లె మండలానికి రైలు సౌకర్యం ఉంది. బెంగళూరు - జోలార్‌పేట మార్గంలో స్టేషనూ ఉంది. అయితే పల్లె నుంచి ఆ స్టేషనుకు చేరాలన్నా, కుప్పంలోని కళాశాలకో ఆసుపత్రికో వెళ్లాలన్నా రోడ్డే దిక్కు. ఆ రోడ్డుపై పల్లెకు వచ్చే బస్సు చాలావరకు తొలి జన్మలో ఉన్నది కాదు. దూరప్రాంత సర్వీసుగా కొన్నేళ్లు పరుగులు తీసి, లక్షల కిలోమీటర్లు తిరిగాక హోదా తగ్గి, సీట్లూ బోర్డూ మారి, ఒంటికి కొత్త రంగు పులుముకొని పల్లెవెలుగుగా వస్తుంది. రంగు మారగానే కొత్త బస్సు వచ్చిందని ప్రయాణికులు సంబరపడటం సహజం. వచ్చింది కొత్త రంగేనని తెలియడానికి ఒక్క వానాకాలం చాలు.

మెట్టు పక్కన రంగు బుడగలా ఉబ్బుతుంది. చక్రం పైభాగంలో పెచ్చు లేస్తుంది. కిటికీ కింది నుంచి గోధుమ రంగు చారలు కారుతాయి. రంగు నాసిరకమని, కంపెనీ మంచిది కాదని అప్పుడు విమర్శలు మొదలవుతాయి. చాలా సందర్భాల్లో ఆ నింద అన్యాయం. రంగు ఎన్నాళ్లు నిలుస్తుందో, దానికింద రేకు ఎన్నాళ్లు బతుకుతుందో తేలిపోయేది రంగు డబ్బా మూత తీయకముందే. కడగడం, గీకడం, తుప్పు కోసెయ్యడం, ప్రైమర్ వేయడం... ఎవరి కంటికీ కనబడని ఈ నాలుగు పనులకే బస్సు ఆయుష్షు ముడిపడి ఉంది. కంటికి కనబడదు గనుకనే వాటిపై తనిఖీ తక్కువ, కోత ఎక్కువ.

ఇప్పుడెందుకీ చర్చ?

ఆర్టీసీ బస్సుపై భారం పెరిగిన కాలమిది. 2025 ఆగస్టు 15న రాష్ట్రంలో స్త్రీశక్తి పథకం మొదలైంది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ సర్వీసుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం దక్కింది. పల్లె మహిళకు ఇది పెద్ద ఊరట. అదే సమయంలో ఫుట్‌బోర్డుపైనా, నడవా పలకలపైనా, సీటు కాళ్లు బిగించిన చోటా పడే బరువు మునుపటిలా ఉండదు. మనిషి నిలబడేది రంగుపై కాదు, దాని కింది ఇనుముపై.

రెండో కారణం కేంద్రం నిబంధన. పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్‌ను 2023 ఏప్రిల్ 1 నుంచి పునరుద్ధరించరాదని కేంద్ర రహదారి రవాణా శాఖ అదే ఏడాది జనవరిలో నోటిఫికేషన్ ఇచ్చింది. రాష్ట్ర రవాణా సంస్థల బస్సులూ దీని పరిధిలోకే వస్తాయి. అంటే ఇప్పుడు పాత బస్సుకు ఆఖరి గడువు ముందే తెలుసు. ఇంకా ఆరేడేళ్లు తిరగాల్సిన బస్సుకు ఏ స్థాయి పని చేయాలి, రెండేళ్లలో తుక్కుకు వెళ్లే బస్సుకు ఎంతవరకు చేయాలి అన్నది లెక్క వేసుకొనే వీలుంది. రెండేళ్ల ఆయుష్షున్న బస్సుకు అద్దంలాంటి మెరుపు అక్కర్లేదు. కానీ మెట్టు, నేల, అత్యవసర ద్వారం చట్రం మాత్రం చివరి రోజు వరకూ గట్టిగా ఉండాలి. డబ్బు తక్కువైనప్పుడు ముందు వదులుకోవాల్సింది మెరుపునే. జరుగుతున్నది తరచూ ఇందుకు తలకిందులు.

ఎర్రబస్సు నుంచి...

తెలుగునాట బస్సుకూ రంగుకూ ఉన్న బంధం చిన్నది కాదు. 1932లో నిజాం రాష్ట్ర రైలు, రోడ్డు రవాణా శాఖ 27 బస్సులు, 166 మంది సిబ్బందితో మొదలైంది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. దశాబ్దాల పాటు పల్లె జనానికి ప్రభుత్వ బస్సంటే ఎర్రబస్సే. పల్లెటూరి మనిషిని ఎద్దేవా చేయడానికి ‘ఎర్రబస్సెక్కి వచ్చాడు’ అనే మాట కూడా ఆ రంగు చలవే. తరువాత సర్వీసుకో రంగు వచ్చింది. చదువు రాని అవ్వ కూడా దూరం నుంచే రంగు చూసి, ఇది తమ ఊరి బస్సా, ఆగకుండా పోయేదా అని గుర్తుపట్టగలదు. కనుక సర్వీసు మారినప్పుడు రంగు మార్చడం ఆడంబరమేమీ కాదు, అవసరమే.

రంగుల మీద రాష్ట్రంలో రాజకీయం కూడా నడిచింది. పంచాయతీ భవనాలకు పార్టీ రంగుల వివాదం 2020లో సుప్రీంకోర్టు మెట్లెక్కింది. ఏ రంగు వేయాలన్న దానిపై ఇంత రగడ జరిగిన చోట, రంగు కింద ఏముందన్న ప్రశ్న ఏ సభలోనూ వినబడలేదు.

పైన పటారం... లోన లొటారం

బస్సు గోడ ఒకే లోహంతో తయారైనది కాదు. లోపల చట్రం ఉక్కు గొట్టాలతో ఉంటుంది. బయటి రేకు కొన్ని బస్సుల్లో అల్యూమినియం, కొన్నింటిలో జింకు పూత ఉన్న ఇనుము. మరమ్మతుకు వేసిన అతుకులు మామూలు ఇనుప రేకువి. ముందు, వెనుక ముఖాలు కొన్నింటికి ఫైబరువి. అల్యూమినియం రేకు, ఉక్కు గొట్టం ఒకదాన్నొకటి తాకే చోట నీరు చేరితే చిన్నపాటి బ్యాటరీ తయారైనట్లే. అల్యూమినియం తెల్లటి పొడిగా మారి కరిగిపోతుంది. మధ్యలో ప్రైమరో, రబ్బరు పట్టీయో అడ్డుగా ఉంటేనే ఇది ఆగుతుంది.

ఇనుము సంగతి వేరు. తుప్పు పట్టినప్పుడు అది కొన్ని రెట్ల చోటు ఆక్రమిస్తుంది. అందుకే రంగు లోపలి నుంచి పైకి తన్నుకొస్తుంది. బయట రూపాయి బిళ్లంత బుడగ కనబడితే, లోపల అరచేయంత రేకు పోయి ఉండవచ్చు. తుప్పు ఎక్కడ మొదలవుతుందో మెకానిక్కులకు కొట్టిన పిండి. చక్రాలు బురద చిమ్మే లోపలి వంపులు, ఎక్కే మెట్ల అడుగు, బ్యాటరీ పెట్టె చుట్టూ, కిటికీ జారుడు పట్టీల కింద నీరు నిలిచే చోటు, పైకప్పు మీద సామాన్ల కడ్డీలు బిగించిన బోల్టుల మొదలు, వెనుక బంపరు మూల. నడవాలో ప్లైవుడ్ పలకలు పరిచిన బస్సుల్లో, వానలో తడిసిన కాళ్లూ గొడుగులూ తెచ్చిన నీరు పలకల కిందికి దిగి అడ్డపట్టీలపై నిలుస్తుంది. అక్కడి తుప్పు బయటి రంగు ఎంత కొత్తదైనా కనబడదు.

అందువల్ల పాత బస్సు షెడ్డుకు వచ్చినప్పుడు ముందుగా పట్టుకోవాల్సింది స్ప్రే గన్ కాదు, చిన్న సుత్తి, స్క్రూడ్రైవరు. తట్టితే ఖంగున మోగిన రేకు బతికి ఉన్నట్లు. చప్పగా పలికితే కింద పొరలు విడిపోయినట్లు. స్క్రూడ్రైవరు మొనతో నొక్కితే లోపలికి దిగిపోయే చోట ఇక రేకు లేదు, ఉన్నది రంగూ లప్పమే. అలాంటి చోటు కోసి కొత్త రేకు అతికించడమొక్కటే మార్గం. దీన్ని షెడ్లలో టింకరింగ్ పని అంటారు. రంగు పని కంటే దీనికి ఎక్కువ రోజులు, ఎక్కువ కూలి పడుతుంది.

ఇక్కడే మోసం చొరబడుతుంది. చిల్లు మీద వైరు జాలీనో, పాత రేకు ముక్కనో అడ్డం పెట్టి దానిపై లప్పం దట్టంగా మెత్తి, నున్నగా రుద్ది, రంగు కొడితే ఆ రోజుకు ఎవరూ కనిపెట్టలేరు. అయితే పాలియెస్టర్ లప్పం నీటిని పీల్చుకొనే గుణం ఉన్నది. చిల్లు వెనుక వైపు నుంచి తేమ లాగి, రేకు అంచుల దగ్గరే నిలిపి ఉంచుతుంది. చిల్లు కప్పడానికి వేసిన లప్పమే చిల్లును పెద్దది చేస్తుంది. సొట్టలు పూడ్చడానికి, అదీ పల్చగా, గట్టి రేకుపై వాడినంతవరకే లప్పం మిత్రుడు.

గీకే ముందు కడగాలి

టింకరింగ్ ముగిసిందనుకుందాం. తరువాతి పని కడగడం. ఇది వినడానికి అల్పంగా ఉంటుంది గానీ, క్రమం తప్పితే మిగతా శ్రమ అంతా వృథా. డీజిల్ పొగ మసి, గ్రీజు, పాలిష్ మైనం, చేతుల జిడ్డు ఉన్న ఉపరితలాన్ని ముందే గరుకు కాగితంతో రుద్దితే ఆ జిడ్డు గీతల్లోకి దిగిపోతుంది. తరువాత ఎంత తుడిచినా రాదు. కాబట్టి సబ్బు నీటితో కడిగి ఆరబెట్టి, ద్రావణి తడిపిన గుడ్డతో తుడిచి, అది ఆరిపోకముందే రెండో పొడి గుడ్డతో ఎత్తివేయాలి. ఒకే గుడ్డతో బస్సంతా తుడిస్తే జిడ్డు పోదు, ఒక చోటి నుంచి మరో చోటికి మారుతుందంతే. మెరుపు వస్తుందని డీజిల్ గుడ్డతో తుడిచే అలవాటు కొన్ని షెడ్లలో ఉంది. రంగు పట్టకుండా చేయడానికి అంతకు మించిన ఉపాయం లేదు.

దీపాలు, నంబరు ప్లేట్లు, రబ్బరు అంచులు, అలంకార పట్టీలు విప్పాలి. విప్పకుండా చుట్టూ కాగితం అంటించి రంగు కొట్టేస్తే గంటలు మిగులుతాయి. కానీ పట్టీ కిందే తుప్పు ఉంటుంది. పాత స్టిక్కర్ల జిగురు కూడా పూర్తిగా పోవాలి.

పాత రంగు మొత్తం ఊడదీయాలా అన్నది తరచూ వచ్చే సందేహం. అవసరం లేదు. గట్టిగా పట్టి ఉన్న పాత రంగు మంచి పునాదే. పట్టు ఎలా ఉందో తెలుసుకోవడానికి బ్లేడుతో గళ్లుగా గీసి, టేపు అంటించి లాగితే సరిపోతుంది. గళ్లు టేపుతో వచ్చేస్తే రంగు రేకు దాకా తీసేయాల్సిందే. నిలిస్తే అంచులు మెట్టు తగలకుండా పల్చగా అరగదీసి, మిగతాది గరుకు చేస్తే చాలు. పాత రంగు ఏ జాతిదో కూడా తెలియాలి. థిన్నర్ తడిపిన గుడ్డను కొద్దిసేపు ఆనించి ఉంచితే రంగు కరిగి గుడ్డకు అంటుకుంటే అది ఎన్‌సీ రంగు. ముడతలు పడితే సింథటిక్ ఎనామెల్. ఏమీ కాకపోతే రెండు డబ్బాలు కలిపి వేసే గట్టి రంగు. ఎనామెల్ మీద నేరుగా ఘాటైన థిన్నర్ ఉన్న రంగు కొడితే వేడి పాల మీద మీగడలా ముడుచుకుపోతుంది. మారిన సర్వీసులతో పాటు నాలుగైదు పొరలు ఎక్కిన పాత బస్సుపై ఈ పరీక్ష చేయకపోవడం పెద్ద పొరపాటు.

సిందూరం వేరు, రెడాక్సైడ్ వేరు

ప్రైమర్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఇటుక రంగు రెడాక్సైడ్. ఇంటి గేటుకూ, కిటికీ ఊచలకూ, ట్రాక్టరు ట్రాలీకీ అదే. దాని చుట్టూ ఒక పాత భ్రమ ఉంది. పూర్వం వంతెనలకు, ఓడలకు వేసిన ఎర్రటి ప్రైమర్‌లో ఉన్నది సిందూరం, అంటే సీసం ఆక్సైడ్. అది తుప్పును రసాయనికంగా నిలువరించేది. సీసం విషం గనుక అది క్రమంగా పక్కకు పోయింది. రంగు మాత్రం మిగిలింది. ఇప్పటి రెడాక్సైడ్‌లో ఎరుపు ఇనుప ఆక్సైడ్‌ది, ఒక రకంగా తుప్పుకు దగ్గరి చుట్టమే. అది తేమకు కొంత అడ్డుగోడగా పనిచేస్తుంది తప్ప తుప్పును చంపదు. చౌక సరుకులో ఆ అడ్డుగోడ కూడా పల్చనే. పైకి ఒకేలా కనిపించే ఎరుపు, జనం నమ్మకాన్ని ఒక తరం నుంచి మరో తరానికి మోసుకొచ్చింది.

అంతకంటే ముఖ్యమైనది, ఏ రేకుకు ఏ ప్రైమర్ అన్నది. శుభ్రం చేసిన మామూలు ఇనుముపై రెడాక్సైడ్ ఫరవాలేదు. జింకు పూత రేకుపై నూనె ఆధారిత రెడాక్సైడ్‌ను నేరుగా వేస్తే జింకు, ఆ నూనె పదార్థం కలిసి రంగు అడుగున సబ్బులాంటి పొర ఏర్పడుతుంది. కొన్ని నెలల తరువాత రంగు అరటి తొక్కలా పెద్ద పెద్ద ముక్కలుగా ఊడివస్తుంది. అల్యూమినియానికి గాలి తగిలిన వెంటనే కంటికి కనపడని ఆక్సైడ్ పొర పుడుతుంది. దానిపై మామూలు ప్రైమర్ పట్టు అంతంతమాత్రం. ఈ రెండు లోహాలకూ ఎచ్ ప్రైమర్ గానీ, ఎపాక్సీ ప్రైమర్ గానీ ఉండాలి. ఎచ్ ప్రైమర్‌లోని ఆమ్లం లోహాన్ని సన్నగా కొరికి పట్టు ఇస్తుంది. అయితే దానిపై నేరుగా లప్పం వేయరాదు. ఆమ్లం వల్ల లప్పం సరిగా గట్టిపడదు. ఎపాక్సీకి ఆ ఇబ్బంది లేదు, నీటిని అడ్డుకోవడంలోనూ అది ఎంతో మెరుగు. ఖర్చు ఎక్కువ. రెండు డబ్బాలు కొలత ప్రకారం కలపాలి, కలిపింది గడువులోగా వాడేయాలి.

ఒకే బస్సుపై మూడు రకాల లోహాలున్నప్పుడు ఒకే ఎర్ర డబ్బాతో పని కానిచ్చేస్తే ఒక వైపు నిలిచి, మరో వైపు ఊడటంలో వింతేముంది? పాత బస్సులకు ఎపాక్సీ వాడకం ఖరీదైన కోరికలా కనిపించవచ్చు. మొత్తం బస్సుకు వేయకపోయినా కిటికీల కింది భాగం, మెట్లు, చక్రాల వంపులు, అతుకులు వేసిన చోట్ల వేస్తే అసలు ప్రయోజనంలో అధిక భాగం దక్కుతుంది.

మందం కూడా లెక్కే. ఎపాక్సీ ప్రైమర్ పొర ఆరాక సాధారణంగా 50 నుంచి 75 మైక్రాన్లు ఉండాలి. ఇది దాదాపు మనిషి వెంట్రుక మందం. అంచులు, మూలలు, వెల్డింగు గీతల మీద రంగు సహజంగానే పల్చబడుతుంది. తుప్పు మొదలయ్యేదీ అక్కడే. అందుకే తెలిసిన పనివారు గన్ పట్టే ముందు ఆ గీతలన్నింటికీ బ్రష్షుతో ఒక పూత వేస్తారు. పొర మందం కొలిచే పరికరం జేబులో పట్టేంత చిన్నది. ఇనుముపై పనిచేసే మామూలు అయస్కాంత పరికరం అల్యూమినియంపై పనిచేయదని కొనేవారు గుర్తుంచుకోవాలి.

బోరు నీరు, పొద్దుటి మంచు

కుప్పం పీఠభూమి సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. ఈశాన్య రుతుపవనాల వేళ అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వానలు, ఆపై చలి, పొద్దుటి మంచు. రంగు పనికి ఈ వాతావరణం పరీక్షే. రాత్రి చల్లబడిన రేకుపై తెల్లవారుజామున కంటికి ఆనని చెమ్మ ఉంటుంది. మంచు బిందువు కంటే రేకు ఉష్ణోగ్రత కనీసం 3 డిగ్రీలైనా ఎక్కువ ఉంటేనే రంగు వేయాలన్నది అంతటా పాటించే సూత్రం. పరికరం లేకున్నా, బాగా పొద్దెక్కి రేకు చేతికి గోరువెచ్చగా తగిలేదాకా ఆగితే చాలావరకు గండం గట్టెక్కినట్లే. మండుటెండలో మరో చిక్కు. రేకు కాలిపోతుంటే ప్రైమర్ గన్ నుంచి రేకును చేరేలోపే సగం ఆరి, పొడిపొడిగా పడుతుంది. ఇసుక కాగితంలా కనిపించే ఆ పొరకు నీళ్లను ఆపే శక్తి ఉండదు.

నీటి సంగతి మరీ ముఖ్యం. ఈ ప్రాంతం బోర్లపై ఆధారపడిన మెట్ట. లోతు బోర్ల నీటిలో లవణాలు ఎక్కువ. పాత్రల్లో తెల్లటి పొర కట్టే ఆ నీటితోనే వాటర్ పేపరు రుద్ది, కడిగి, అలాగే ఆరనిస్తే లవణాలు రేకుపై మిగిలిపోతాయి. వాటిపై ప్రైమర్ వేస్తే, వానాకాలంలో ఆ ఉప్పు కణాలు పొర గుండా తేమను లాగి సన్నటి పొక్కులు పుట్టిస్తాయి. కారణం తెలియక రంగును తిట్టుకుంటారు. ఆఖరి కడుగుకైనా వాన నీరో, శుద్ధి చేసిన నీరో వాడితే సరిపోతుంది. మంచినీటి క్యాన్లు ఊరూరా దొరుకుతున్న కాలంలో ఇది పెద్ద ఖర్చు కాదు. అన్నింటికంటే ముందు, రేకు బయటపెట్టిన రోజే ప్రైమర్ పడాలి. గీకిన బస్సును రాత్రికి అలా వదిలేస్తే మర్నాటికి పలుచటి తుప్పు పూత కనబడుతుంది. దానిపైనే ప్రైమర్ కొట్టడం దొంగను ఇంట్లో ఉంచి తలుపు గడియ వేయడమే.

ఆ ధూళి ఎవరి ఊపిరిలోకి?

బస్సు సంగతి అలా ఉంచితే, దాన్ని గీకే మనిషి సంగతి ఇంకా తక్కువగా చర్చకు వస్తుంది. ఇళ్లకు, అలంకరణకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం మించరాదన్న నిబంధనలు దేశంలో 2016లో వచ్చి, 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. వాహనాలకు, పరిశ్రమలకు వాడే రంగులు వాటి పరిధిలో లేవు. పసుపు, ఎరుపు, నారింజ రంగుల్లో సీసం క్రోమేట్ వాడకం చాలాకాలంగా ఉన్నదే. అమెరికాలో 1939లో కొలంబియా విశ్వవిద్యాలయ టీచర్స్ కాలేజీలో జరిగిన సమావేశం పాఠశాల బస్సులకు పసుపును ఖరారు చేసినప్పుడు ఆ రంగు పేరులోనే ‘క్రోమ్’ ఉంది. పాత బస్సుపై ఏ పొరలో ఏముందో తెలియదు గనుక అన్నింటిలోనూ ఉందనే భావించి జాగ్రత్తపడటం మేలు.

పొడిగా గీకితే ఆ ధూళి ఊపిరిలోకి, చొక్కాపైకి, అక్కడి నుంచి ఇంట్లో పసిపిల్లల దాకా చేరుతుంది. పిల్లలకు సీసం ఇంత మోతాదు వరకు ఫరవాలేదనే హద్దే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తడిపి రుద్దడం, పని బట్టలు షెడ్డులోనే మార్చుకోవడం, భోజనానికి ముందు చేతులు కడగడం ఖర్చు లేని జాగ్రత్తలు. చివరి పూతగా వేసే పాలీయురేథేన్ రంగుల హార్డెనర్‌లో ఐసోసైనేట్లు ఉంటాయి. అవి ఒకసారి ఉబ్బసం తెచ్చిపెడితే ఆ పనివాడు తరువాత ఆ వాసన దరిదాపుల్లోకి కూడా వెళ్లలేడు. ముఖానికి కట్టిన చేతిరుమాలు వాటిని ఏమాత్రం ఆపదు. శుభ్రమైన గాలి గొట్టం ద్వారా అందించే ముసుగు కావాలి. చిన్న షెడ్డులో అది లేనప్పుడు ఆ రంగు జోలికి పోకుండా మంచి ఎనామెల్‌తో సరిపెట్టుకోవడంలో తప్పేమీ లేదు.

మే నెల హడావుడి

ఆర్టీసీ కంటే ఈ విషయంలో ఎక్కువ ఆందోళన కలిగించేవి పాఠశాలల బస్సులు. ఇతర చోట్ల కొన్నేళ్లు తిరిగిన బస్సును కొని, పసుపు రంగు వేసి, పేరు రాయించి నడిపే చిన్న పాఠశాలలకు కొదవ లేదు. రాష్ట్రంలో విద్యాసంస్థల బస్సుల సామర్థ్య ధ్రువపత్రాల గడువు ఏటా మే 15తో ముగుస్తుంది. బడులు సాధారణంగా జూన్ 12న తెరుస్తారు. మధ్యలో ఉన్నది నాలుగు వారాలు. బస్సులన్నీ ఒక్కసారిగా షెడ్లకు వస్తాయి. కోసి అతకడానికి, కడిగి ఆరబెట్టడానికి, ప్రైమర్ గట్టిపడటానికి సమయం ఎక్కడిది? ఎపాక్సీ ప్రైమర్ చేతికి అంటకుండా ఆరడానికి కొన్ని గంటలు చాలు గానీ, పూర్తి బలం రావడానికి వారం వరకు పడుతుంది. హడావుడిలో ముందు కోత పడేది ఆ వారానికే.

సామర్థ్య పరీక్షలో బ్రేకులు, దీపాలు, టైర్లు, స్టీరింగు, పొగ చూస్తారు. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఈ పరీక్ష ఏటా తప్పనిసరి. యంత్రాల ద్వారా పరీక్షించే కేంద్రాలు వస్తుండటం మంచి పరిణామమే. బ్రేకు పట్టును యంత్రం అంకెల్లో చెప్పగలదు. కొత్తగా రంగు వేసిన మెట్టు కింద రేకు ఉందో, లప్పం ఉందో మాత్రం చెప్పలేదు. తాజా రంగు ఆ పరీక్షకు అడ్డు తెర అవుతుంది కూడా. తళతళలాడే బస్సుపై సుత్తి వేయడానికి ఏ అధికారికైనా మొహమాటమే.

దీనికి కొత్త చట్టాలు అక్కర్లేదు. తనిఖీ వేళ మారితే చాలు. రంగు పనిని రెండు భాగాలుగా విడగొట్టి, టింకరింగ్, గీకుడు ముగిసి ప్రైమర్ పడిన దశలో ఒకసారి చూసి సంతకం చేశాకే పై రంగుకు అనుమతించడం ఒక మార్గం. అప్పుడు అతుకులన్నీ కంటికి కనబడతాయి. పెద్ద వంతెనల పనుల్లో, ఓడల నిర్మాణంలో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతే ఇది. ఇప్పుడు సెల్‌ఫోను లేని షెడ్డు లేదు. ఖాళీ రేకు దశలో మెట్లు, వంపులు, నేల పట్టీల ఫొటోలు నాలుగు తీసి బస్సు దస్త్రంలో పెట్టినా సగం పని అయినట్లే. ఆర్టీసీ అద్దెకు తీసుకొనే ప్రైవేటు బస్సుల ఒప్పందాల్లో రంగు నమూనా గురించి వివరంగా ఉండటం ఎంత సహజమో, ప్రైమర్ రకం, మందం గురించి రెండు వాక్యాలు ఉండటమూ అంతే సహజం కావాలి. పాఠశాల యాజమాన్యాలు బిల్లులో ‘పెయింటింగ్’ అని ఒకే పద్దు కాకుండా టింకరింగ్, ప్రైమర్, పై రంగు వేర్వేరుగా రాయించుకొంటే, ఎక్కడ మిగిల్చారో తల్లిదండ్రులు కూడా అడగగలుగుతారు.

ఒక్క రోజు ఆలస్యం ఖరీదు

ఇంత తెలిసినా పని ఎందుకు జరగదు? పనివాళ్లకు తెలియక కాదు. విజయవాడ, విజయనగరం, నెల్లూరు, కడప జోనల్ వర్క్‌షాపుల్లో ఈ పనిలో తల పండిన వారు ఉన్నారు. విజయవాడ ఆటోనగర్‌లో బస్సు బాడీ కట్టే చేతులకు పేరుంది. సరిహద్దు దాటితే తమిళనాడులోని కరూరు ఈ పనికే ప్రసిద్ధి. అడ్డుపడేది సమయం. బస్సు షెడ్డులో ఉన్నంతకాలం రోడ్డుపై లేనట్లే. నగరంలో ఒక బస్సు తగ్గితే వెనుక మరొకటి వస్తుంది. రోజుకు రెండు మూడు ట్రిప్పులు మాత్రమే ఉన్న పల్లె మార్గంలో బస్సు తగ్గితే ఆ రోజుకు ఊరికి బస్సే లేదు. సరైన పని జరగాలంటే బస్సు ఇంకొన్ని రోజులు ఆగాలి, ఆగితే నష్టపోయేది ఆ బస్సు మీదే ఆధారపడిన ఊరు. అందుకే ‘ఎలాగోలా రంగేసి పంపండి’ అనే ఒత్తిడి పైనుంచి మాత్రమే రాదు, కింది నుంచీ వస్తుంది.

ఈ చిక్కుముడి విప్పడానికి డిపోల్లో అదనంగా బస్సు ఉండాలి. మరమ్మతుకు ఒకటి వెళ్లినప్పుడు దాని స్థానంలో తిరగడానికి మరొకటి. స్త్రీశక్తి వచ్చాక అదనపు బస్సులు కూడా రద్దీ మార్గాలకే వెళ్లడం సహజం. వేసవిలో కళాశాలలకు సెలవులిచ్చినప్పుడు పల్లె మార్గాల్లో విద్యార్థుల రద్దీ తగ్గే వారాలు కొన్ని ఉంటాయి. తేమ తక్కువ, వాన భయమూ తక్కువ. రంగు పనికి ఈ పీఠభూమిపై అంతకంటే అనువైన కాలం లేదు. కాకపోతే సరిగ్గా అప్పుడే షెడ్ల నిండా పసుపు బస్సులు బారులు తీరి ఉంటాయి. పాఠశాలలు తమ బస్సుల టింకరింగ్ పనిని సంక్రాంతి సెలవులకో, ఏప్రిల్ చివరి వారానికో జరుపుకొంటే మే నెలలో ప్రైమర్‌కు, రంగుకు సమయం చిక్కుతుంది. గుడుపల్లె నుంచి కుప్పం వెళ్లే ఇంటర్ విద్యార్థికి బస్సు జూన్ మొదటి వారంలో ఉండాలి. అది షెడ్డులోకి ఏప్రిల్‌లో వెళ్లిందా, మే చివర్లో వెళ్లిందా అన్నదాన్ని బట్టే మెట్టు కింద పడేది కొత్త రేకో, మరో పొర లప్పమో తేలుతుంది.